స్కాట్లండు కొండసీమలో ఒకనాటి యాత్ర

బ్రిటన్ ద్వీపమునకు ఉత్తరభాగమున స్కాట్లండు దేశము కలదు. ఆ దేశములో దక్షిణమున పల్లపుసీమయు, ఉత్తరమునను పడమటను కొండసీమయు ఉన్నవి. ఈ కొండసీమకే హైలాండ్స్ అని పేరు. గ్లాస్గో, ఎడింబరో నగరములనుండి యాత్రికులు ఉదయమున మోటారుబండ్లలో బయలుదేరి, మార్గదర్శి వెంట ఈ సీమలో కొంతభాగమును ఒక్కనాటిలో చుట్టి, రాత్రికి మఱల నగరము చేరుదురు. కొండలు, సరస్సులు, పాడుపడిన కోటలు, మేయుచున్న గొఱ్ఱెలు, జనసంచారము లేని లోయలు వారి కన్నులకు విందు చేయును. ఇంటికి వచ్చి, మనుష్యుని చేయి సోకని ప్రకృతిని చూచితిమని చెప్పుకొనువారు పెక్కండ్రు. ఆ మాట యెంతవఱకు నిజమో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ సీమకును మన తెలుగుసీమకును ఒక సంబంధము కలదు. హైలాండ్సునకు పడమట సముద్రములోనున్న లూయిస్ ద్వీపమున, స్టోర్నొవే పట్టణములో జన్మించిన కాలిన్ మెకంజీ 1783వ సంవత్సరమున మద్రాసునకు వచ్చి, 1815లో హిందూదేశపు మొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడెను. ఏలూరివారైన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగువారి సాయముతో ఆయన గ్రామగ్రామముల వృత్తాంతములను వ్రాయించెను. వానినే మనము కైఫీయతులందుము. ఈ ఊరికి ఈ పేరు ఎట్లు వచ్చెను, ఈ చెఱువును ఎవరు త్రవ్వించిరి, ఈ పాటిదిబ్బమీద పూర్వ మెవరుండిరి, వారెందుకు పోయిరి అను ప్రశ్నలకు కరణములును వృద్ధులును చెప్పిన సమాధానములే ఆ గ్రంథములు. మన ఊళ్లను గూర్చి ఇట్లు అడిగించిన వాని సీమను చూడబోవునప్పుడు, ఆ ప్రశ్నలనే మనమును అడుగుట న్యాయము.

మొదట యాత్రావిధానమును తెలిసికొందము. గ్లాస్గోనుండి లోమండ్ సరస్సు, రానక్ మైదానము, గ్లెన్‌కో లోయ, ఫోర్టు విలియం, నెస్ సరస్సు చూచి, తూర్పుదారిని పిట్లాఖ్రీ మీదుగా తిరిగి వచ్చుటకు సుమారు 300 మైళ్ల ప్రయాణము చేయవలెను. ఇందుకు పండ్రెండు గంటలు పట్టును. తఱచుగా బండి నడుపువాడే మార్గదర్శియై, నడుపుచునే మార్గమందలి విశేషములను చెప్పుచుండును. జూను నెలలో అచ్చట పగలు 17 గంటలకు మించియుండును గనుక వెలుతురుకు కొఱత లేదు. డిసెంబరులో పగలు ఏడు గంటలు మాత్రమే యగుటచేత సగము త్రోవ చీకటిలోనే గడచును. మన ప్రాంతమున పగటికాలము 11 గంటలకు తగ్గదు, 13 గంటలకు అంతగా మించదు. ఈ భేదమునకు కారణమేమో భూగోళశాస్త్రము చదువు విద్యార్థులు తామే చెప్పగలరు. ఎండకాసిన గడియలోనే వానకురియుట అచ్చట సామాన్యము గనుక వేసవిలోను వానకోటును, తడినేలను నడచుటకు తగిన జోళ్లును ఉండవలెను. మే నెల మొదలు సెప్టెంబరువఱకు మిడ్జి అనబడు నుసుములు గుంపులు గుంపులుగా వచ్చి మొగముపై వ్రాలి కుట్టుచుండును. గాలి వీచినచో అవి నిలువలేవు.

నగరము దాటిన కొంతసేపటికి లోమండ్ సరస్సు కనబడును. గేలిక్ భాషలో సరస్సునకు లాఖ్ అనియు, లోయకు గ్లెన్ అనియు, శిఖరమునకు బెన్ అనియు పేళ్లు. ఈ మూడు మాటలు తెలిసినవానికి ఆ సీమ భూపటము సగము అర్థమగును. లోమండ్ సరస్సు బ్రిటన్ ద్వీపమునందలి సరస్సులలో వైశాల్యమున మొదటిది. దాని విస్తీర్ణము 27 చదరపుమైళ్లు. దక్షిణమున వెడల్పుగా, దీవులతో నిండియుండి, ఉత్తరమునకు పోయినకొలది సన్నగిల్లి రెండు కొండల నడుమ ఇఱుకున పడును. భూమిపొరలలోని యొక గొప్ప పగులు ఈ సరస్సునకు అడ్డముగా పోవుచున్నది. దానికి దక్షిణమున పల్లపుసీమ, ఉత్తరమున కొండసీమ. ఉత్తరమున ఉన్న రాళ్లు గట్టివి, ప్రాచీనమైనవి. వానిపై మన్ను పలుచన. అందుచేత అచ్చట పంటలు తక్కువయై, పశువులమేత ముఖ్యజీవనమాయెను. పల్లపువారి భాష ఆంగ్లమునకు దగ్గఱది. కొండవారి భాష గేలిక్. నేలలోని భేదము ఇట్లు జీవనమందును భాషయందును భేదమునకు తోడ్పడినది.

కొండదారి ఎక్కి పోగా రానక్ మైదానము వచ్చును. ఇది సుమారు 50 చదరపుమైళ్ల బురదనేల. ఇచ్చట చచ్చిన గడ్డియు నాచును వేలయేండ్లుగా నీటిలో కుళ్లక పేరుకొని, పీటు అనబడు నల్లని మన్నుగా మాఱినవి. దీనిని ఎండబెట్టి కొండవారు వంటచెఱకుగా వాడుకొనిరి. 1894లో ఈ మైదానపు అంచున ఇనుపదారి వేసినప్పుడు కంకర పోసిన కొలదియు బురదలో మునిగిపోవుచుండెను. అందుచేత చెట్ల కొమ్మలను వేళ్లను కట్టలుకట్టి పఱచి, వానిపై మన్నును బూడిదను వేల టన్నులు పోసి, పట్టాలను తేలుచున్నట్లు నిలిపిరి. నేటికిని రైలుబండ్లు ఆ దారినే నడచుచున్నవి.

మైదానము ముగిసినచోట నేల ఒక్కసారిగా క్రిందికి దిగి, రెండువైపులను నల్లని కొండలు గోడలవలె లేచును. అదియే గ్లెన్‌కో లోయ. సుమారు 42 కోట్ల సంవత్సరములకు పూర్వము ఇచ్చట అగ్నిపర్వతము ఒకటి పేలి, దాని నడిభాగము లోపలికి క్రుంగిపోయెను. పిమ్మట హిమయుగములలో మంచునదులు ఈ రాళ్లను ఒరసికొని పోయి లోయను తొలిచినవి. వానిలో కడపటివి సుమారు 11,500 సంవత్సరములకు పూర్వము కరగిపోయినవి. ఇంతవఱకు ప్రకృతి చేసిన పని. ఇకమీద జరిగినది మనుష్యుల పని.

1691వ సంవత్సరమున విలియం రాజు ఒక ప్రకటన చేసెను. మునుపటి రాజైన జేమ్సు పక్షమున నిలిచిన కొండనాయకులందఱు 1692 జనవరి 1వ తేదీలోగా తనకు విధేయులమని ప్రమాణము చేయవలెననియు, చేయనివారు శిక్షార్హులనియు దాని సారాంశము. క్లాన్ అనగా ఒక నాయకునికి లోబడిన వంశసమూహము. గ్లెన్‌కోలోని మాక్డొనాల్డు క్లానునకు నాయకుడు మకియన్ అను వృద్ధుడు. అతడు గడువు ముగియు తరుణమున ఫోర్టు విలియమునకు పోగా, అచ్చటి సేనాధిపతి తనకు ప్రమాణము చేయించు అధికారము లేదని చెప్పి ఇన్వెరరీ పట్టణమునకు పంపెను. మంచులో నడచి అతడచ్చటికి చేరి, జనవరి 6వ తేదీన గాని ప్రమాణము చేయలేకపోయెను. తన ప్రమాణము అంగీకరింపబడెనని నమ్మి ఇంటికి మఱలెను. కాని రాజమంత్రియగు జాన్ డాల్రింపిల్ ఆ ఆలస్యమునే నెపముగా గైకొనెను. సుమారు 120 మంది సైనికులు గ్లెన్‌కోకు పంపబడిరి. లోయలోని వారు వారిని అతిథులుగా భావించి ఇండ్లలో చోటిచ్చి, దాదాపు రెండు వారములు అన్నము పెట్టిరి. ఫిబ్రవరి 13వ తేదీన తెల్లవాఱుజామున అయిదు గంటలకు, ఆజ్ఞ ప్రకారము, ఆ సైనికులు తమకు అన్నము పెట్టినవారిని చంపిరి. మకియన్‌తో కూడ సుమారు 38 మంది హతులైరి. పాఱిపోయిన స్త్రీలు బాలురు అనేకులు మంచులో చలికి చనిపోయిరి.

సైన్యమునకు నాయకుడు కాంబెల్ వంశస్థుడగుటచేత, ఇది రెండు క్లానుల పగయని పెక్కుమంది చెప్పుదురు. అది సగము నిజము. పగ ఉండెను, కాని వ్రాతమూలముగా ఆజ్ఞ ఇచ్చినది ప్రభుత్వము. 1695లో నియమింపబడిన విచారణసంఘము దీనిని హత్యయనియే నిర్ణయించెను. డాల్రింపిల్ పదవి వదలెను. అయినను ఎవరికిని శిక్ష పడలేదు.

ఇప్పుడు యాత్రికుడు లోయను చూచి, అక్కడక్కడ తప్ప ఇండ్లు లేకుండుట గమనించి, ఆనాటి హత్యలవలననే ఇది నిర్జనమయ్యెనని తలంచును. విద్యార్థులారా, ఇచ్చట నిలిచి ఆలోచింపుడు. చావగా మిగిలినవారు తిరిగివచ్చి కాలిన ఇండ్లను మఱల కట్టుకొనిరి. 1745లో చార్లెస్ ఎడ్వర్డు రాకుమారుడు రాజ్యముకొఱకు దండెత్తినప్పుడు గ్లెన్‌కోనుండి సుమారు నూఱుమంది యోధులు అతనితో పోయిరి. 1747 మొదలు 1755 వఱకు విలియం రాయ్ అను సర్వేయరు హైలాండ్సునకు తయారుచేసిన సైనిక భూపటమున, ఇప్పుడు శూన్యములైన పెక్కు లోయలలో పల్లెలు గుర్తింపబడియున్నవి. గ్లెన్‌కోలోని పల్లెలును వానిలో నున్నవి. కత్తి ఖాళీ చేయలేకపోయిన లోయను పిమ్మట ఖాళీ చేసినది మఱియొకటి.

అది ఏదనగా: 1746 ఏప్రిల్ 16వ తేదీన కలోడెన్ యుద్ధమున రాకుమారుని సేన గంటలోపల ఓడిపోయెను. ఆ పిమ్మట ప్రభుత్వము కొండవారి ఆయుధములను తీసివేసి, వారి ప్రత్యేకవేషమును ధరింపరాదని శాసించెను. ఆ నిషేధము 1782 వఱకు నిలిచెను. నాయకులకు పారంపర్యముగా వచ్చిన న్యాయాధికారములును రద్దయ్యెను. పూర్వము నాయకుని బలము అతని వెంట నడచు మనుష్యుల సంఖ్యనుబట్టి ఉండెడిది. ఇప్పుడది భూమివలన వచ్చు సిస్తునుబట్టి ఉండసాగెను. నాయకుడు జమీందారుగా మాఱెను. అప్పులపాలైన జమీందారులకు, నూఱు కుటుంబములు బీదతనముతో ఇచ్చు సిస్తుకంటె దక్షిణపు గొఱ్ఱెలవ్యాపారి ఒక్కడు ఇచ్చు సిస్తు మిక్కిలి హెచ్చుగా కనబడెను. కొండవారికి తాము తరతరములుగా దున్నుకొనుచున్న భూమిపై పత్రములు లేవు. క్లానునకు చెందిన నేల తమదేయను నమ్మకముమాత్రముండెను. న్యాయస్థానములో ఆ నమ్మకము చెల్లలేదు.

1792లో రాస్ ప్రాంతపు ప్రజలు వేలకొలది గొఱ్ఱెలను తోలి తమ సీమనుండి వెళ్లగొట్టజూచిరి. సైన్యము వచ్చి వారిని అణచెను. ఉత్తరమున సదర్లండు సంస్థానమున 1807 మొదలు 1821 వఱకు వేలమంది ఇండ్లనుండి తొలగింపబడి సముద్రపుటొడ్డునకు తఱుమబడిరి. తిరిగి రాకుండుటకై ఇండ్ల దూలములను కాల్చివేసిన సందర్భములు కలవు. 1846లో బంగాళాదుంపల పంట కుళ్లిపోగా మిగిలినవారిలో పెక్కుమంది ఓడలెక్కిరి. న్యాయముగా ఒక మాట చెప్పవలెను. జనసంఖ్య పెరిగి నేల చాలక తమయంతట తామే వెళ్లినవారును కలరు. ప్రజలను కాపాడబోయి ఆస్తి పోగొట్టుకొన్న జమీందారులును కలరు. అయినను అడుగకుండ, చోటు చూపకుండ, తలుపు మూసి వెళ్లగొట్టబడినవారి కథయే ఆ లోయలలో నిలిచియున్నది. ఇండ్లు లేకపోయినను ఊరి పేళ్లు పోలేదు. గేలిక్‌లో అఖ్ అనగా పొలము. ఎవరును దున్నని బీటిపై భూపటము అఖ్‌నకాన్, అఖ్‌ట్రియఖ్టన్ అని చూపినచో, అది ఒకప్పుడు ఎవరో దున్నిన చేనని తెలిసికొనవలెను. పచ్చని గడ్డి చదరముగా ఒకచోట హెచ్చుగా కనబడుటయు, మోకాలెత్తు రాతిగోడ మిగిలియుండుటయు ఇందుకు సాక్ష్యములే. చెట్లు లేకుండుటయు సహజము కాదు. పూర్వము కొంత అడవి నరకబడెను. పిమ్మట గొఱ్ఱెలును, వేటకై పెంచబడిన దుప్పులును మొలకలను మేసివేయుటచేత అడవి మఱల లేవలేదు.

గ్లెన్‌కో దాటి సముద్రపుపాయ వెంట పోగా ఫోర్టు విలియం పట్టణము. దానిపై బెన్ నెవిస్ శిఖరము 4,413 అడుగుల ఎత్తున నిలుచును. బ్రిటిషు దీవులలో ఇదియే ఉన్నతశిఖరము. 1883 మొదలు 1904 వఱకు దీని శిరమున వాతావరణశాల యుండెను. అందలి పరిశీలకులు శీతకాలమందును అచ్చటనే నివసించి గంటగంటకు గాలి, చలి, వానలను లెక్కించిరి. 1894 సెప్టెంబరులో అచ్చట కొన్నివారములు పనిచేసిన సి. టి. ఆర్. విల్సన్ అను యువకుడు, సూర్యకాంతి మేఘములపై పడి ఏర్పఱచిన రంగులవలయములను చూచి, అట్టి మేఘమును గాజుపాత్రలో కల్పింప ప్రయత్నించెను. ఆ ప్రయత్నమునుండి, కంటికి కనబడని అణుకణముల జాడలను చూపు మేఘపేటిక పుట్టెను. 1927లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. కొండపై మేఘమును అందఱును చూతురు. ప్రశ్న అడిగినవాడు ఒక్కడు.

పట్టణము వెలుపల కాలిడోనియన్ కాలువ ప్రారంభమగును. థామస్ టెల్ఫర్డు నిర్మించిన ఈ కాలువ 1822లో తెఱవబడెను. తూర్పు పడమటి సముద్రములను కలుపు దీని పొడవు 60 మైళ్లు. అందు 22 మైళ్లు త్రవ్వినది, తక్కినది సరస్సుల మీదుగా పోవునది. మన గోదావరి కాలువలమీది లాకులవంటివి దీనిపై 29 ఉన్నవి. బానవీయొద్ద ఎనిమిది లాకులు మెట్లవలె వరుసగానుండి ఓడలను సుమారు 60 అడుగులు ఎక్కించును. ప్రజలు దేశము వదలిపోకుండ పని కల్పించుట ఈ కాలువ త్రవ్వించుటకు ఒక కారణము. వలసను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసినవాడును టెల్ఫర్డే. అయినను వలస ఆగలేదు. ఈ దారిలోని గ్లెన్‌గారి లోయనుండి పోయినవారు కెనడాలో తమ క్రొత్తసీమకు గ్లెన్‌గారియనియే పేరు పెట్టుకొనిరి.

నెస్ సరస్సు సుమారు 23 మైళ్ల పొడవును, 750 అడుగుల లోతును కలది. ఇంగ్లండు, వేల్సు దేశములలోని సరస్సుల నీరంతయు కలిపినను ఇందలి నీటికి తక్కువయే. ఇందులో ఒక వింతజంతువు కలదని 1933లో వార్తాపత్రికలు వ్రాయగా లోకమంతయు నమ్మజూచెను. 1934లో అచ్చయిన ప్రసిద్ధఛాయాచిత్రము ఆటవస్తువుపై తల అతికించి తీసినదని 1994లో బయలుపడెను. శాస్త్రజ్ఞులు నీటిలోని జీవకణముల అవశేషములను పరీక్షించి, 2019లో పెద్ద సరీసృపముల జాడ లేదనియు, మలుగుచేపలజాతివి మాత్రము మిక్కుటముగా నున్నవనియు తెలిపిరి. లేని జంతువుకొఱకు యాత్రికులు గంటలకొలది నీటివంక చూతురు. ఒకప్పుడుండిన మనుష్యులకొఱకు కొండవంక చూచువారు అరుదు.

తిరుగుదారిలో స్పీన్ బ్రిడ్జి దాటినపిమ్మట, ప్రధానమార్గమునకు కొన్ని మైళ్లు ప్రక్కగా, రాయ్ లోయ కలదు. దాని కొండవాలులపై మూడు సమాంతరరేఖలు, ఎవరో వేసిన బాటలవలె, మైళ్లకొలది సాగియున్నవి. ఇవి వేటకై రాజులు వేసిన బాటలని పూర్వులనిరి. డార్విన్ 1839లో ఇవి సముద్రపుటొడ్డు గుర్తులనెను. మంచునది లోయకు అడ్డుపడగా నిలిచిన సరస్సుయొక్క ఒడ్డులే ఇవియని మఱుసటి యేడు అగాసీ చెప్పినది నిజమని తరువాత తేలెను. డార్విన్ కూడ పిమ్మట తన మతము తప్పని ఒప్పుకొనెను. చూడుడు, మనుష్యులు వేసినట్లు కనబడు బాటలు ప్రకృతి చేసినవి. ప్రకృతి చేసినట్లు కనబడు శూన్యత మనుష్యులు చేసినది. ఈ రెండింటిని వేరుచేసి చూపువాడే మంచి మార్గదర్శి.

కథ అంతటితో ముగియలేదు. 1882లో స్కై ద్వీపపు రైతులు సిస్తు నిలిపివేసి ఎదిరింపగా, ప్రభుత్వము 1883లో విచారణసంఘమును నియమించెను. 1886లో చేయబడిన చట్టము చిన్నరైతును ఊరక తొలగింపరాదనియు, సిస్తు న్యాయముగా నిర్ణయింపబడవలెననియు, భూమి అతని సంతతికి చెందవలెననియు విధించెను. చనిపోయినవారికిని ఓడలెక్కినవారికిని ఆ చట్టము ఆలస్యముగా వచ్చెను. మిగిలినవారు దానివలననే నిలిచిరి. 1993లో అసింట్ ప్రాంతపు రైతులు తాము సాగుచేయు ఎస్టేటును చందాలు ప్రోగుచేసి తామే కొనిరి. గ్లెన్‌కో లోయను 1935, 1937 సంవత్సరములలో స్కాట్లండు జాతీయ ధర్మసంస్థ కొని ప్రజలకొఱకు కాపాడుచున్నది. ఆ లోయలోని సందర్శకశాలయొద్ద, పూర్వపు పద్ధతిని మన్నుగడ్డలతోను అల్లిన కొమ్మలతోను ఒక ఇల్లు కట్టి చూపుచున్నారు. ఆ ఇంటిలో నిలిచినప్పుడు లోయ ఖాళీగా తోచదు.

మన పాఠశాలలనుండియు ఏటేట విహారయాత్రలు జరుగుచున్నవి. మీరు కొండకు పోయినను కోటకు పోయినను మూడు ప్రశ్నలు వెంటతీసికొనిపొండు. ఈ స్థలమునకు ఈ పేరెందుకు వచ్చెను? ఇచ్చట పూర్వము ఎవరు నివసించిరి? వారిప్పుడు ఎచ్చట ఉన్నారు? సమాధానము మార్గదర్శికి తెలియనిచో, దారిప్రక్కనున్న వృద్ధుని నమస్కరించి అడుగుడు. విన్నదానిని ఊరిపేరుతోను తేదీతోను నోటుపుస్తకములో వ్రాసికొనుడు. మెకంజీకి కైఫీయతులు దొరకినది ఇట్లే.